వసంతకాలపు పక్షులు – ఉప్పలపాటి చెరువు

గుంటూరు సీమలో వసంతము వచ్చినదని తెలుపు మొదటి గుర్తు పూవు కాదు, మిరపపండు. ఫాల్గుణమాసము నాటికి పల్లెల వెలుపలి కల్లములన్నియు ఎర్రబారును. పత్తిచేలలో కడపటి తీతలు ముగియుచుండును. మిరపబస్తాలతో నిండిన బండ్లును, లారీలును మార్కెట్టు యార్డునకు బారులు తీరును. ఈ సందడిలో మరియొక ఋతుచిహ్నము కూడ కలదు గాని, అది చెవియొగ్గి వినువారికే వినబడును. తెల్లవారుజామున, వీథులలో వాహనములు కదలక ముందు, బ్రాడీపేటలోని ఏ వేపచెట్టు మీదనుండియో కోకిల కూయును.

బ్రాడీపేట గుంటూరు నగరపు నడిబొడ్డున నున్నది. అచటి వీథులకు పేరులకంటె అంకెలు ముఖ్యము. చిరునామా చెప్పువారు ఎన్నవ లైను, ఎన్నవ అడ్డరోడ్డు అని చెప్పుదురు. విద్యాలయములు, వైద్యశాలలు, అంగళ్ళు, ఒకదాని నొకటి ఒరసికొని నిలిచిన మేడలు గల ఇట్టి తావున పక్షులేమి యుండునని చాలమంది అనుకొందురు. అయినను ఒక ఉదయమున అరగంటసేపు మేడమీద నిలిచి చూచినచో పదిజాతుల పక్షులు కంటబడుట కష్టము కాదు. కాకి, పిచ్చుక, గోరువంక, పావురము అందరును ఎరిగినవే. వానితోపాటు రామచిలుకలు కీచుమని అరచుచు గుంపుగా ఇండ్లకప్పుల మీదుగా సాగిపోవును. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2018లో రాష్ట్రపక్షిగా ఎన్నుకొన్నది రామచిలుకనే. అంతకుముందు ఆ గౌరవము పాలపిట్టకుండెడిది. తెలంగాణమునకు నేటికిని పాలపిట్టయే రాష్ట్రపక్షి.

పెరటిలో మందారమో, అరటియో ఉన్నచో తేనెపిట్ట రాక మానదు. బొటనవ్రేలికంటె కొంచెము పెద్దదగు ఈ పిట్ట వంపు తిరిగిన ముక్కును పూవులో దూర్చి తేనెను పీల్చును. వసంతమున మగపిట్ట యీకలు ఎండలో నీలిలోహమువలె తళతళలాడును. తలపై నల్లని కుచ్చు, తోకక్రింద ఎర్రని మచ్చ గలది పిగిలిపిట్ట. ఎండ ముదురుచున్న వేళ, రాగిచెంబుపై చిన్న సుత్తితో కొట్టినట్లు "టుక్, టుక్" అను ధ్వని తెంపులేకుండ వినబడినచో అది కంసాలిపిట్ట పని. పిచ్చుకంత యుండి, ఆకుపచ్చని ఒంటితో, నొసట ఎర్రని బొట్టుతో నుండు ఈ పక్షిని ఆకులలో కనుగొనుట మాత్రము తేలిక కాదు. ధ్వని ఎంతసేపు వినబడినను పక్షి కనబడదు. ఓర్పు నేర్పుటకు ఇంతకంటె మంచి గురువు వేరొకటి లేదు.

పక్షులు వసంతముననే ఇంతగా ఏల కూయును? పగటికాలము పెరుగుచున్నకొలది వెలుతురు పక్షుల మెదడుపై పనిచేయును. దానివలన శరీరమున కొన్ని రసములు ఊరి, గూడు కట్టి గ్రుడ్లు పెట్టు ప్రేరణ కలుగును. అపుడు మగపక్షి ఒక చెట్టునో, ఒక పెరటినో తన స్థలముగా నెంచుకొని పాడనారంభించును. ఆ పాట ఆడుపక్షికి ఆహ్వానము. సాటి మగపక్షికి హెచ్చరిక. వినువారికి సంగీతముగా తోచునది పక్షులలో హద్దుల తగవు కూడ నన్నమాట.

కోకిల విషయమున జనులకు రెండు పొరపాటు తలంపులు కలవు. కోకిల వసంతమున ఎచటినుండియో వచ్చునని కొందరనుకొందురు. అది సరి కాదు. మన ప్రాంతమున కోకిల ఏడాది పొడవున నుండును. చలికాలమున మౌనముగా నుండుటచే దాని యునికి తెలియదు. ఇక రెండవది: కవులు కోకిలను స్త్రీగా వర్ణించిరి గాని, "కుహూ" అని స్వరము పెంచుచు కూయునది మగకోకిల. అది నల్లగా, ఎర్రని కన్నులతో నుండును. ఆడుకోకిల గోధుమవన్నెపై తెల్లని చుక్కలతో నుండి, కిచకిచమని వేగముగ అరచును. చాలమంది దానిని చూచియు కోకిల యని గుర్తింపజాలరు.

కోకిల గూడు కట్టదు. కాకిగూటిలో తన గ్రుడ్డు పెట్టును. అందుచే కాకులు గూళ్ళు కట్టుకాలమే కోకిలలు గ్రుడ్లు పెట్టుకాలము. కోకిల గ్రుడ్డు కాకి గ్రుడ్లకంటె ముందుగా పొదుగబడును. పిల్ల ముందుగా పుట్టి, ముందుగా నోరు తెరచి, తిండిలో పెద్దపాలు పొందును. ఐరోపాలోని కోకిలజాతి పక్షి పిల్ల ఇతర గ్రుడ్లను గూటినుండి త్రోసివేయును. మన కోకిలపిల్ల సాధారణముగ అంత క్రూరముగ వర్తింపదు. కాకిపిల్లలతో కలిసియే పెరుగును. బ్రాడీపేటలో కరెంటు స్తంభము ప్రక్కనున్న కాకిగూటిని ఏప్రిల్, మే నెలలలో దూరమునుండి గమనించినవారికి ఈ నాటకమంతయు టిక్కెట్టు లేకుండ చూడవచ్చును.

పట్టణము దాటి పత్తి, మిరప చేలలోనికి పోయినచో పక్షుల తీరు మారును. చేనిగట్టుపై పొడవైన చీలికతోక గల నల్లనిపిట్ట కూర్చుండి, ఎగిరిపోవు పురుగును గాలిలోనే పట్టుకొని మరల అచటికే చేరుచుండును. అది పసులపోలిగాడు. పశువులవెంట తిరుగుచు అవి లేపిన పురుగులను తినుటచే ఆ పేరు చక్కగా అమరినది. తీగలపై పాలపిట్ట ఒంటరిగా కూర్చుండి నేలవంక చూచుచుండును. అది ఎగిరినపుడు మాత్రమే దాని రెక్కలలోని నీలిమ బయటపడును. దసరానాడు పాలపిట్టను చూచుట శుభమని పెద్దలందురు. రైతునకు అది ఏనాడైనను శుభమే. శనగపచ్చపురుగు, పొగాకు లద్దెపురుగు మొదలగునవి పత్తికిని, మిరపకును పెద్ద శత్రువులు. వానిని పక్షులు తినివేయునుగాన, చేనిలో అక్కడక్కడ పక్షులు వాలుటకు టి ఆకారపు కర్రలు పాతుమని వ్యవసాయశాస్త్రజ్ఞులు రైతులకు సలహా ఇచ్చుచున్నారు. వీనిని పక్షిస్థావరములందురు. పురుగుమందు చల్లుటకు పెట్టు ఖర్చుతో పోల్చినచో నాలుగు కర్రలకగు ఖర్చు లెక్కలోనిది కాదు. కాని మందు మితిమీరి చల్లినచోట పురుగుతోపాటు దానిని తిను పక్షికిని ముప్పే. ఈ సీమలోని పత్తిరైతు పక్షుల మిత్రుడగునో శత్రువగునో తేల్చునది అతడు చేతబట్టిన పిచికారీ.

చలికాలమున జొన్నచేలపై గులాబివన్నె గోరువంకలు వేలకొలదిగా వాలును. తల, రెక్కలు నల్లగాను, వీపు, పొట్ట గులాబిరంగుగాను ఉండును. సాయంకాలము నిదురించు చెట్టును చేరకముందు అవి ఆకాశమున పొగవలె ఒకమారు విప్పారి, ఒకమారు ముడుచుకొని తిరుగు దృశ్యము మరపురానిది. ఇవి నిజమైన వలసపక్షులు. మధ్యాసియాలోని గడ్డిమైదానములలో మిడుతలు పెరుగువేళ గూళ్ళు కట్టి, పిల్లలను పెంచి, మిగిలిన కాలమును మన దేశమున గడపును. చైత్రమాసమున ఇవి తిరుగుప్రయాణము కట్టును. ఒకనాడు చేనంతయు కలకలలాడుచుండును. మరి కొన్ని దినములకు ఒక్కటియు కనబడదు. అవి వెడలిపోయిన తేదీని ఏటేట వ్రాసిపెట్టుకొన్న విద్యార్థి తన ఊరిని గూర్చి ఏ పాఠ్యపుస్తకమునను లేని ఒక సత్యమును సంపాదించినవాడగును.

గుంటూరు నగరమునకు కొద్ది మైళ్ళ దూరమున, పెదకాకాని మండలములో, ఉప్పలపాడు అను గ్రామము కలదు. గ్రామమును ఆనుకొని ఒక చెరువున్నది. విస్తీర్ణమున అది చిన్నది. నడుమ మట్టిదిబ్బలు, వానిపై సర్కారుతుమ్మ చెట్లు. చూచుటకు ఇందులో విశేషమేమియు లేదు. కాని వర్షాకాలము గడచి చలి మొదలైనది మొదలు ఆ చెట్ల కొమ్మలు ఆకులకంటె ఎక్కువగా పక్షులతో నిండిపోవును. గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు, నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణములు, నీటికాకులు, రాత్రికొంగలు వేలసంఖ్యలో ఇచట చేరును. అందు పెక్కు ఇచటనే గూళ్ళు కట్టి పిల్లలను పెంచును. ఫాల్గుణ చైత్రములలో పోయిన చూపరులకు పెద్దపక్షులును, వానితో సమానముగ పెరిగిన పిల్లలును ఒకే కొమ్మపై కనబడును.

ఈ పక్షులన్నియు సైబీరియానుండి వచ్చునని ఒక ప్రచారమున్నది. బాతులలో కొన్ని జాతులు, ముఖ్యముగ సూదితోక బాతు వంటివి, ఉత్తరదేశములనుండి హిమాలయములు దాటి వచ్చుట నిజమే. కాని గూడబాతు అట్టిది కాదు. అది భారతదేశమునను, శ్రీలంకలోను, కంబోడియాలోను పుట్టి పెరుగు పక్షి. నీరు, చేపలు, గూటికి చెట్లు ఉన్నచోటికి చేరును. అవి లేనినాడు మరియొక చోటు వెదకుకొనును. దూరదేశపు అతిథి యనినచో వినుటకు గొప్పగా నుండును గాని, ఇది మన ఇంటి బిడ్డ. అతిథి రానినాడు అతని దేశమున ఏదో జరిగియుండునని సరిపెట్టుకొనవచ్చును. ఇంటి బిడ్డ వెడలిపోయినచో కారణము ఇంటిలోనే వెదకవలెను.

గూడబాతు పెద్దపక్షి. తూకము నాలుగైదు కిలోలుండును. దాని పొడవైన ముక్కుపై నీలపుచుక్కలు వరుసగా నుండును. క్రింది దవడకు తోలుసంచి వ్రేలాడును. కాలువనుండి చేనికి నీరు తోడు గూడను ఈ సంచి తలపించును. చేపలు తిరుగుచోట గూడబాతు ముక్కు ముంచి నీటితోసహా చేపలను సంచిలోనికి తీసికొనును. తరువాత ముక్కును వంచి నీటిని వెడలించి చేపను మింగును. సంచి చేపలను దాచుకొను బుట్ట యని కొందరనుకొందురు గాని, అది వలవంటిది మాత్రమే. పిల్లలకు తిండి పెట్టునపుడు తల్లి తాను కొంత జీర్ణము చేసికొన్న చేపలను నోటిలోనికి తెచ్చును. పిల్ల తల్లి గొంతులోనికి తలదూర్చి దానిని తినును. మొదటిసారి చూచువారికి తల్లి పిల్లను మింగుచున్నదేమో యను భయము కలుగును.

ఇంత బరువైన పక్షి దూరదూరములకు ఎట్లు ఎగురగలదు? ఉదయము ఎనిమిది, తొమ్మిది గంటలవరకు గూడబాతులు చాలవరకు కొమ్మలపైననే యుండును. ఎండకు నేల కాగి, వేడిగాలి పైకి లేచుట మొదలైన పిదప అవి ఒక్కొక్కటిగా లేచి, ఆ గాలిస్తంభములో రెక్కలాడింపక గుండ్రముగ తిరుగుచు ఎత్తునకు పోవును. చాలినంత ఎత్తునకు పోయిన పిదప మేతదెసకు జారుచు సాగిపోవును. కాలువలు, చెరువులు, మాగాణులు, కృష్ణానదీతీరము వానికి మేతపొలములు. చెరువు చిన్నదైనను వేలపక్షులకు చాలుటలోని కిటుకు ఇదియే. ఉప్పలపాటి చెరువు వానికి భోజనశాల కాదు, పురిటిగది.

ఎర్రకాళ్ళ కొంగ చిత్రకారుడు రంగులు దిద్దినట్లుండును. పసుపుపచ్చని ముక్కు, నారింజవన్నె ముఖము, తోకవద్ద గులాబిరంగు ఈకలు దానికి అందమునిచ్చును. లోతులేని నీటిలో ముక్కును సగము తెరచి ముంచి నడచుచుండును. చేప తగిలిన తక్షణమే ముక్కు మూసికొనును. కంటితో చూడవలసిన పని లేదు. అందుచే బురదనీటిలోను అది చేపలు పట్టగలదు. పెద్దకొంగకు చెప్పుకొనదగిన గొంతు లేదు; ముక్కు టకటకలాడించుటయే దాని భాష. పిల్లలు మాత్రము గోలగోలగా అరచును. మధ్యాహ్నపు ఎండలో తల్లి రెక్కలు విప్పి సూర్యునకు వీపుచేసి నిలిచి, పిల్లలకు నీడపట్టును. గుంటూరు ఎండ ఎరిగినవారికి ఆ శ్రమ ఎట్టిదో వేరుగ చెప్పనక్కరలేదు.

నత్తగుల్ల కొంగ ముక్కు మూసినను నడుమ సందుండును. పిల్లకు ఆ సందు ఉండదు, పెరిగినకొలది ఏర్పడును. నత్తలను పట్టి, గుల్లనుండి మాంసమును ఒడుపుగా లాగుట దాని విద్య. వరిపైరును పాడుచేయు నత్తలను తినుటచే మాగాణిరైతునకు ఇది మేలు చేయును. తెల్ల కంకణము ఒళ్ళంతయు తెలుపు, తల మెడ మాత్రము ఈకలులేని నలుపు. కొడవలివలె వంగిన ముక్కుతో బురదను కెలకుచుండును. రాత్రికొంగకు చింతవక్క యను పేరు కూడ కలదు. ప్రొద్దుగ్రుంకిన పిదప "వక్" అని అరచుచు బయలుదేరునపుడు ఆ పేరు ఎట్లు వచ్చినదో ఎవరైనను ఊహింపవచ్చును.

గూడబాతులు పల్లెటి చెరువులను ఆశ్రయించుటకు వెనుక ఒక విషాదగాథ యున్నది. కృష్ణా గోదావరి డెల్టాల నడుమ కొల్లేరు సరస్సు కలదు. బుడమేరు, తమ్మిలేరు మొదలగు ఏరులు దానిలో కలియును. ఉప్పుటేరు దాని నీటిని సముద్రమునకు చేర్చును. ఆ సరస్సునకు చేరువన, పశ్చిమ గోదావరి జిల్లాలోని ఆరేడు, సరిపల్లె గ్రామముల పొలములలో గూడబాతుల గొప్ప వలస యొకటి ఉండెడిది. కె. కె. నీలకంఠన్ అను ఆంగ్లోపన్యాసకుడు 1946లో దానిని చూచి, బొంబాయి ప్రకృతిశాస్త్ర సంఘపు పత్రికలో 1949లో దానిని గూర్చి వ్రాసెను. ఈయనయే తరువాత ఇందుచూడన్ అను పేర మలయాళములో కేరళపక్షులను గూర్చి పుస్తకము వ్రాసి ఖ్యాతి గాంచెను. ఆయన వృత్తి పక్షిశాస్త్రము కాదు, పాఠములు చెప్పుట. సెలవులను పక్షులకిచ్చిన ఒక ఉపాధ్యాయుని వలన ఆ వలస సంగతి లోకమునకు తెలిసెను. కాని 1970వ దశకమునాటికి ఆ గూళ్ళు లేకపోయెను. చెట్లు తగ్గెను, సాగు పెరిగెను, పక్షులు చెల్లాచెదరయ్యెను.

కొల్లేటికి సైతము కీడు మూడినది. సరస్సుగర్భమున గట్లు పోసి చేపలచెరువులు త్రవ్విరి. నీటిపారుదల అడ్డగింపబడెను. 1999లో ప్రభుత్వము 308 చదరపు కిలోమీటర్ల మేర దానిని అభయారణ్యముగ ప్రకటించెను. తడినేలల రక్షణకై 1971లో ఇరాను దేశమందలి రామ్‌సార్ పట్టణమున కుదిరిన అంతర్జాతీయ ఒడంబడిక క్రింద 2002లో కొల్లేరు చేర్చబడెను. 2006లో ప్రభుత్వము యంత్రములతో అక్రమపు గట్లను తెంపించెను. దీనివలన నీరు మరల పారినది. పక్షులు మరల వచ్చినవి. కైకలూరు సమీపమందలి ఆటపాకలో నీటినడుమ నాటిన ఇనుప నిలువులపై నేడు గూడబాతులు గూళ్ళు కట్టుచున్నవి. అయితే ఆ చెరువులపై బ్రతుకు పెట్టుకొన్న వేలకుటుంబములకు ఆ కూల్చివేత పెద్దదెబ్బ యనుట కూడ నిజమే. గట్లు మరల లేచుచున్నవను ఫిర్యాదు, మా బ్రతుకుతెరువేమను ప్రశ్న నేటికిని వినబడుచునే యున్నవి. సరస్సు కోలుకొనుట యనగా ఒకనాటితో ముగియు పని కాదు.

పూర్తిగ చచ్చినదనుకొన్న నీరు సైతము బ్రతుకుటకు ఇంగ్లండులోని థేమ్స్ నది సాక్ష్యము. లండను నగరపు మురుగంతయు కలియుటచే ఆ నదిలో ప్రాణవాయువు నశించి, 1957లో శాస్త్రజ్ఞులు దానిని జీవము లేని నదిగా ప్రకటించిరి. పిదప మురుగునీటిని శుభ్రముచేయు ఏర్పాట్లు బాగుపడెను. చేపలు మరలెను, చేపలవెంట నీటిపక్షులు మరలెను. మలినజలములను సహింపని సాల్మన్ చేప ఒకటి 1974లో ఆ నదిలో దొరకినపుడు పత్రికలు దానిని పండుగవార్తగ ప్రచురించినవి. నీటిని పరీక్షించుటకు ప్రయోగశాలలు కావలెను. అయినను మొదటి సమాచారము తెచ్చునవి పక్షులే.

ఉప్పలపాటిలో జరిగినది ఇంత పెద్ద వార్త కాదు. అచట గ్రామస్థులు పక్షులను కొట్టలేదు, కొట్టనీయలేదు. అంతే. కాని ఆ "అంతే" ఎంత కష్టమో అనుభవించువారికే తెలియును. వేలపక్షులు ఇంటిప్రక్క నివసించినచో రేయింబవళ్ళు గోల, చేపలకంపు, రెట్టలకంపు, చెరువునీరు వాడుకకు పనికిరాకుండ పోవును. పట్టణమునుండి ఆదివారమునాడు వచ్చి ముక్కుమూసికొని అరగంట చూచి పోవువారికి ఆ భారము లేదు. పక్షులను కాపాడినవారెవరని అడిగినచో మొదట చెప్పవలసినది ఆ వాసనను ఓర్చుకొన్న ఇండ్లవారిని గూర్చియే.

ఇట్టి గ్రామములు మరికొన్ని కలవు. శ్రీకాకుళం జిల్లాలోని తేలినీలాపురములో ఇండ్ల చెంతనున్న చెట్లపైననే గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు గూళ్ళు కట్టును. అవి రానియేడు ఊరికి మంచిది కాదని గ్రామస్థుల నమ్మిక. ఆ జిల్లాలోనే తేలుకుంచిలో నత్తగుల్ల కొంగలు చేరును. సూళ్ళూరుపేట సమీపమందలి నేలపట్టు చెరువులో నీటనిలిచిన కడపచెట్లపై గూడబాతులు పిల్లలను పెంచును. దానిని 1976లో పక్షిరక్షణకేంద్రముగ ప్రకటించిరి. తమిళనాటి వేడంతాంగల్ గ్రామస్థులు తమ చెరువుపక్షులను సిపాయీలు కాల్చుచున్నారని మొరపెట్టుకొనగా, 1798 ప్రాంతమున అప్పటి చెంగల్పట్టు కలెక్టరు వారి హక్కును గుర్తించి ఉత్తర్వు ఇచ్చెనని చరిత్ర చెప్పుచున్నది. అచటి రైతుల ప్రేమకు ఒక లెక్క కూడ నుండెను. రెట్టలు కలిసిన చెరువునీరు చేలకు పారినచో ఎరువు వేయకయే పైరు ఏపుగ పెరుగును.

అయితే ఆ రెట్టలే చెట్టునకు శత్రువు. ఏండ్లతరబడి కొమ్మలపైనను, వేళ్ళవద్దను పడిన రెట్టలలోని తీక్ష్ణతచే ఆకులు మాడి, కొమ్మలు మోడులై, తుదకు చెట్టు కూలును. పక్షులు ఎక్కువైనకొలది తమ ఇంటిని తామే కూల్చుకొనుచున్నవనవచ్చును. అడవిలో నైనచో అవి ప్రక్క చెట్లకు పోవును. చుట్టును పొలములు, ఇండ్లు ఉన్న చిన్నచెరువులో ప్రక్కచెట్టు ఎక్కడిది? అందుకే ఉప్పలపాటిలో కృత్రిమవృక్షములను, అనగా కొమ్మలవంటి చేతులుగల నిలువులను, నీటిలో నెలకొల్పిరి. పక్షులు కొంత సందేహించి, పిదప వానిపై చేరినవి. వేసవిలో చెరువు ఎండకుండ నీరు నింపుట మరియొక అవసరము. గూళ్ళక్రింద నీరున్నంతకాలము కుక్కలు, పిల్లులు గ్రుడ్ల జోలికి పోజాలవు. నీరింకినచో ఒక్కరాత్రి చాలును.

పక్షులను చూచుటకు ఖరీదైన పరికరములు అక్కరలేదు. దూరదర్శిని యున్నచో మేలే. లేకున్నను కన్నులు, చెవులు, ఒక పెన్సిలు, ఒక చిన్న పుస్తకము చాలును. తేదీ, వేళ, స్థలము, కనబడిన పక్షి, ఎన్ని కనబడినవి, ఏమి చేయుచున్నవి: ఇంతమాత్రము వ్రాయవలెను. పేరు తెలియనపుడు ముక్కు ఆకారము, కాళ్ళరంగు, పరిమాణము వ్రాసికొన్నచో తరువాత పుస్తకమున వెదకవచ్చును. పరిమాణమును పిచ్చుకతోనో, గోరువంకతోనో, కాకితోనో పోల్చి వ్రాయుట సులభమైన పద్ధతి. సలీం అలీ మహాశయుడు 1941లో ప్రకటించిన భారతపక్షుల పుస్తకము చేతబట్టి పక్షులను గుర్తించుట నేర్చినవారు మన దేశమున అసంఖ్యాకులు. ఆయన 1931–32లో హైదరాబాదు సంస్థానపు పక్షులను పరిశీలించుటకు తెలుగునాట ఊరూర తిరిగెను.

గూళ్ళున్నచోట కొన్ని నియమములు తప్పక పాటింపవలెను. చెట్టు దగ్గరకు పోరాదు. చప్పట్లు కొట్టి పక్షులను లేపి ఫోటోలు తీయరాదు. తల్లి భయపడి లేచినచో ఆ కొద్ది నిమిషములలోనే కాకి వచ్చి గ్రుడ్డును తన్నుకొనిపోవును. లేదా లేతపిల్ల ఎండకు మాడిపోవును. ఉప్పలపాటిలో చూపరులకై ఎత్తుగ కట్టిన గోపురముపై నిలిచి చూచుటయే ఉభయులకును క్షేమము.

ఇట్లు వ్రాసికొన్న చిన్నచిన్న లెక్కలు వ్యర్థము కావు. ఏటేట జనవరిలో ఆసియా ఖండమంతట నీటిపక్షుల గణన జరుగును. ఇది 1987లో మొదలయ్యెను. ఫిబ్రవరిలో నాలుగు దినములు ప్రపంచమంతట జనులు తమ పెరళ్ళలోని పక్షులను లెక్కించి తెలుపుదురు; భారతదేశము 2013నుండి ఇందు పాల్గొనుచున్నది. పదునైదు నిమిషములు ఒకచోట నిలిచి చూచి లెక్కవ్రాసినవారెవరైనను దీనిలో చేరవచ్చును. బ్రాడీపేట మేడమీద విద్యార్థి వ్రాసిన పిచ్చుకల సంఖ్యయు, కొల్లేటిలో శాస్త్రజ్ఞుడు వ్రాసిన గూడబాతుల సంఖ్యయు ఒకే పట్టికలో చేరును.

చైత్రము గడచి ఎండలు ముదిరినకొలది ఉప్పలపాటి చెరువులో సందడి తగ్గును. పిల్లగూడబాతులు మొదట కొమ్మ అంచున నిలిచి రెక్కలు కొట్టుకొనుచు నాలుగైదు దినములు వెనుకాడును. పిదప ఒకటి జారినట్లుగా గాలిలోనికి దిగి, చెరువుమీద ఒక చుట్టు తిరిగి, ఆయాసముతో ఎదుటి దిబ్బపై వాలును. మరునాటికి చుట్లు రెండగును. వైశాఖమున ఒక ఉదయమున ఎండ కాగినవేళ తల్లులవెంట పిల్లలు కూడ వేడిగాలిలో గుండ్రముగ తిరుగుచు పైకి పోయి, కృష్ణదిక్కునకు సాగిపోవును. మోడులపై తెల్లబారిన ఖాళీగూళ్ళు మిగులును. వానలు వెనుకబట్టి, కాలువలలో చేపలు పెరిగిన పిదప, పాతపుల్లలను సర్దుకొనుటకు మొదటి జంట మరల వచ్చును.